సీఆర్‌పీ పెరిగితే డిప్రెషన్ ఉన్నట్టా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ల్యాబు మెట్లెక్కితే ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల బోర్డు కనిపిస్తుంది. షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌తో పాటు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే లోలోపలి వాపును, పట్టిచూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్షను కూడా చాలా ప్యాకేజీల్లో కలిపేస్తున్నారు. మరోపక్క ‘ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే డిప్రెషన్ వస్తుంది’ అని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఈ రెండూ కలిసేసరికి రెండు రకాల పొరపాట్లకు దారి పడింది. రిపోర్టులో సీఆర్‌పీ ఎక్కువ వచ్చినవాళ్లు తమకు డిప్రెషన్ ముదురుతోందేమోనని బెంగపెట్టుకోవడం మొదటిది. రెండోది ఇంతకంటే ప్రమాదం: నెలల తరబడి దిగులుతో మంచం దిగలేకపోతున్న మనిషిని పట్టుకుని ‘రిపోర్టులన్నీ నార్మలే వచ్చాయి, నీకేం రోగం’ అనడం.

ఇన్‌ఫ్లమేషన్‌కీ డిప్రెషన్‌కీ సంబంధం ఉంది. ఆ సంబంధం అందరిలో ఉండదు, ఒకే దిక్కున నడవదు. ముఖ్యంగా, ల్యాబు కాగితం మీద ఒక్క అంకెలో చదివేంత సూటిగా ఉండదు.

ల్యాబులో కొలిచేదేమిటి

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్. న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని 1930లో కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడైనా సూక్ష్మక్రిమి చేరినా, కండరం నలిగినా, పంటి చిగురు చీము పట్టినా అక్కడి రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) అనే రసాయనాన్ని రక్తంలోకి వదులుతాయి. అది కాలేయాన్ని చేరాక కాలేయం సీఆర్‌పీని తయారుచేయడం మొదలుపెడుతుంది. ఆరేడు గంటల్లో పెరుగుదల కనిపిస్తుంది, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గిపోతే దిగడమూ వేగమే, ఎందుకంటే రక్తంలో ఉన్న సీఆర్‌పీలో సగం సుమారు 19 గంటల్లో ఖర్చైపోతుంది.

ఈ పరీక్షలో రెండు రకాలున్నాయి. తేడా తెలియకపోతే రిపోర్టు చదవడమే తప్పుదారి పడుతుంది. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ స్లైడు పద్ధతి ఉంది. నల్లటి గాజుపలక మీద ఒక చుక్క సీరం, దాని పక్కనే ఒక చుక్క లేటెక్స్ ద్రావణం వేసి, పుల్లతో కలిపి, రెండు నిమిషాలు పలకను అటూ ఇటూ ఊపుతారు. తెల్లటి రేణువులు గడ్డకట్టినట్టు కనిపిస్తే పాజిటివ్, పాలలా నున్నగా ఉండిపోతే నెగెటివ్. ఈ పద్ధతికి లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల లోపు ఉన్నది కనిపించదు. జ్వరం, చీము లాంటివి పట్టుకోవడానికి అది చాలు. డిప్రెషన్‌తో సంబంధం ఉందని పరిశోధనలు చెప్పేది మాత్రం 1 నుంచి 10 మధ్య జరిగే చిన్న పెరుగుదల గురించి. అంటే స్లైడు పరీక్షలో ‘నెగెటివ్’ వచ్చిన మనిషికి అసలు విలువ 1 ఉండొచ్చు, 5 ఉండొచ్చు. ఆ తేడా తెలియాలంటే మెషీన్ మీద చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ, అంటే హై సెన్సిటివిటీ పరీక్ష కావాలి.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. ఈ హద్దులను 2003లో అమెరికాలో గుండెజబ్బుల ముప్పు లెక్కగట్టడం కోసం పెట్టారు. డిప్రెషన్ పరిశోధకులు వాటినే అరువు తెచ్చుకున్నారు. 10 దాటితే అది దీర్ఘకాలికంగా ఉండే సన్నటి ఇన్‌ఫ్లమేషన్ అనుకోకూడదు. ఏదో ఇన్‌ఫెక్షనో, గాయమో ఉందని వెతకాలి. అది తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

యూనిట్లు తప్పకుండా చూసుకోవాలి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. రెండింటికీ పది రెట్లు తేడా. ఒకచోట 0.6, మరోచోట 6 అని వస్తే ‘పది రెట్లు పెరిగింది’ అని గుండె బాదుకోవాల్సిన పనిలేదు, రెండూ ఒకటే విలువ కావచ్చు.

ఇక పాత పరీక్ష ఈఎస్‌ఆర్. నిలువు గొట్టంలో రక్తం పోసి గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. రక్తహీనత ఉన్నా చాలు, అది పెరిగిపోతుంది. వయసుతోనూ పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అలాంటి చోట ఈఎస్‌ఆర్ 40 చూసి మనసు గురించి ఏమైనా చెప్పడం అర్థంలేని పని. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి వాపు రసాయనాల పరీక్షలు పరిశోధనల్లో ముఖ్యమైనవే. డిప్రెషన్ కోసం వాటిని సొంత డబ్బు పెట్టి చేయించుకోవడం వల్ల మాత్రం ఇప్పటికి ఒరిగేదేమీ లేదు.

వాపు మెదడును ఎలా చేరుతుంది

జ్వరం వచ్చిన రెండో రోజును తలచుకోండి. అన్నం సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఇష్టమైన పని కూడా భారమవుతుంది, నిద్రపోయినా అలసట తీరదు. ఇదంతా రోగనిరోధక వ్యవస్థ మెదడుకు పంపే కబురు ప్రభావమే. శక్తిని పొదుపు చేసుకుని క్రిమితో పోరాడమని దాని అర్థం. జ్వరం తగ్గితే ఇదీ పోతుంది. వాపు సన్నగా, నెలల తరబడి కొనసాగితే కొందరిలో ఈ స్థితి వెళ్లకుండా పాతుకుపోతుందన్నది పరిశోధకుల ప్రధాన వాదన.

దారులు ఒకటి కాదు. పొట్టలోని, ఛాతీలోని వాపు కబురును వేగస్ నాడి నేరుగా మెదడు కాండానికి మోసుకెళ్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య కాపలా పలచగా ఉండే చోట్ల సైటోకైన్లు, అంటే ఐఎల్-6 లాంటి వాపు రసాయనాలు, లోపలికి చొరబడతాయి. లోపల మైక్రోగ్లియా అనే మెదడు సొంత రక్షక కణాలు మేల్కొని తామూ సైటోకైన్లు వదులుతాయి. ఇక్కడ రెండు రసాయన మార్పులను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తిండి ద్వారా అందే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి, మనఃస్థితితో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనాన్ని మెదడు చేసుకుంటుంది. వాపు సమయంలో ఐడీఓ అనే ఎంజైము చురుకై ఆ ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్ దారికి మళ్లిస్తుంది. ఆ దారిలో చివరకు తయారయ్యే క్వినోలినిక్ ఆమ్లం నాడీకణాలకు చేటు. రెండోది ఉత్సాహంతో ముడిపడిన డోపమైన్ అనే మెదడు రసాయనం సంగతి. దాని తయారీకి కావలసిన ఒక సహాయక పదార్థాన్ని వాపు కరిగించేస్తుంది. ఫలితం ఏడుపు కంటే ఎక్కువగా నిరాసక్తత రూపంలో కనిపిస్తుంది: ‘ఏదీ చేయబుద్ధి కావట్లేదు’ అనే మాట. సీఆర్‌పీ ఎక్కువున్న డిప్రెషన్ రోగుల్లో అలసట, నిద్ర, ఆకలి మార్పులు, ఉత్సాహం చచ్చిపోవడం లాంటి లక్షణాలే ముందుంటాయని పదేపదే కనిపించింది.

మన దగ్గర చాలామంది డాక్టరు దగ్గరకు వెళ్లి చెప్పేది కూడా ఇదే. దిగులు అనే మాట నోట రాదు. నీరసంగా ఉందంటారు, ఒళ్లంతా లాగేస్తోందంటారు. సెలైన్ పెట్టించుకుని ఇంటికెళ్లిపోతారు.

ఋజువులు ఎంత గట్టివి

అన్నింటికంటే బలమైన ఋజువు ఇంటర్‌ఫెరాన్ మందు నుంచి వచ్చింది. హెపటైటిస్-సి రోగులకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజక్షన్లు ఇచ్చేవారు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టడమే దాని పని. ఆ చికిత్స తీసుకున్నవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మంది వారాల్లోనే డిప్రెషన్‌లోకి జారిపోయారు. 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇదే మందు ఎక్కువ మోతాదులో తీసుకుంటున్న చర్మ క్యాన్సర్ రోగులకు ముందుగానే పారాక్సిటిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 45 శాతానికి డిప్రెషన్ వస్తే, పారాక్సిటిన్ వేసుకున్నవాళ్లలో 11 శాతానికే వచ్చింది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు టైఫాయిడ్ టీకా వేసి చూసిన ప్రయోగాల్లోనూ కొన్ని గంటలపాటు మనసు మందగించడం కనిపించింది. అంటే వాపు మనసును కుంగదీయగలదు. ఇందులో సందేహం లేదు.

వాపు లేకుండా డిప్రెషన్ రాదా అంటే, నిక్షేపంగా వస్తుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2019లో చేసిన పెద్ద విశ్లేషణలో, డిప్రెషన్ రోగుల్లో సీఆర్‌పీ 3 దాటినవాళ్లు సుమారు 27 శాతమే. అంటే నలుగురిలో ముగ్గురికి ఆ హద్దు దాటలేదు. వాళ్ల బాధ ఏ మాత్రం తక్కువది కాదు.

తిరగేసి చూస్తే పరిస్థితి ఇంకా తేటపడుతుంది. వెయ్యిమంది పెద్దలున్న ఒక కాలనీని ఊహించుకుందాం. వారిలో 50 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. ఆ 50 మందిలో 27 శాతం చొప్పున 13 లేక 14 మందికి సీఆర్‌పీ 3 దాటుతుంది. డిప్రెషన్ లేని 950 మందిలోనూ ఐదో వంతు మందికి దాటుతుందని లెక్కేస్తే వాళ్లు 190 మంది. మొత్తం రెండొందల పైచిలుకు ‘ఎక్కువ’ రిపోర్టుల్లో డిప్రెషన్ ఉన్నవి పద్నాలుగు మించవు. అలాంటి అంకెతో జబ్బును తేల్చడం కుదరదు. రోగి ఎదురుగా కూర్చుని రెండు వారాల మనఃస్థితి అడిగితే తెలిసేది రక్తంలో తెలియదు.

కారణమేది, ఫలితమేది అన్న చిక్కు ఇంకొకటి. బొజ్జ చుట్టూ చేరే కొవ్వు ఐఎల్-6ను తయారుచేస్తుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి కదలడం తగ్గిస్తాడు, వేళకు తినడు, సిగరెట్టు పెంచుతాడు, నిద్ర చెడుతుంది. వీటిలో ప్రతిదీ సీఆర్‌పీని పెంచేదే. దీర్ఘకాల ఒత్తిడి తానుగా కూడా వాపు రసాయనాలను రేపుతుంది. కాబట్టి బరువును లెక్కలోకి తీసుకున్న వెంటనే ఈ సంబంధం బాగా పలచబడుతుంది, పూర్తిగా మాత్రం పోదు. బ్రిటన్‌లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. తొమ్మిదేళ్ల వయసులో ఐఎల్-6 ఎక్కువున్న పిల్లలకు పద్దెనిమిదేళ్లకు డిప్రెషన్ ముప్పు ఎక్కువని అందులో తేలింది. అంటే కొందరిలోనైనా వాపే ముందు వచ్చింది. జన్యు ఆధారాలు కూడా ఐఎల్-6 వైపే ఎక్కువగా వేలు చూపుతున్నాయి. సీఆర్‌పీ విషయంలో అవి ఒక్క మాట మీద లేవు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరిగితే పైనుంచి వరద వచ్చిందని తెలుస్తుంది. అది పులిచింతల నుంచి వదిలిందా, మున్నేరు పొంగిందా అన్నది అక్కడి స్కేలు చెప్పదు. సీఆర్‌పీ పని కూడా అంతవరకే.

వాపు తగ్గించే మందులతో డిప్రెషన్ తగ్గుతుందా

ఈ ప్రశ్నకు జవాబు కోసం 2013లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. మామూలు మందులకు లొంగని 60 మందిని ఎంచుకుని, కొందరికి కీళ్లవాతంలో వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్, మిగతావారికి ఉత్తుత్తి సెలైన్ ఎక్కించారు. పన్నెండు వారాల తర్వాత రెండు గుంపులకూ మొత్తమ్మీద తేడా రాలేదు. మొదట్లో సీఆర్‌పీ 5 దాటినవాళ్లను విడిగా చూస్తే మాత్రం, మందు తీసుకున్నవారిలో 62 శాతానికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 33 శాతానికి మెరుగైంది. వాపు లేనివాళ్లకు మందు ఉపయోగపడలేదు సరికదా, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అందరికీ ఒకే మందు పనికిరాదని ఇంత స్పష్టంగా చెప్పిన ఫలితం అరుదు. అలాగని దీన్ని అడిగి వేయించుకునే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. నిద్రాణంగా ఉన్న క్షయను ఈ మందు నిద్రలేపుతుంది, మన దేశంలో అది చిన్న ముప్పు కాదు.

ఇలాంటి ఆశే మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీదా, సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర మీదా పెట్టుకున్నారు. చిన్న ప్రయోగాల్లో మంచి ఫలితాలు వచ్చాయి, పెద్దవి చేసేసరికి కొన్ని వీగిపోయాయి.

రోజువారీ వైద్యానికి దగ్గరగా ఉన్నది 2014లో యూరప్‌లో వచ్చిన ఫలితం. సీఆర్‌పీ 1 లోపు ఉన్నవాళ్లకు ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు బాగా పనిచేసింది, అంతకంటే ఎక్కువున్నవాళ్లకు పాతకాలపు డిప్రెషన్ మందు నార్‌ట్రిప్టిలిన్ బాగా పనిచేసింది. ఇది చికిత్సా నియమంగా ఇంకా స్థిరపడలేదు. రెండు మందులు సరైన మోతాదులో ఆరేసి వారాలు వాడినా ఫలితం లేని రోగి విషయంలో, మానసిక వైద్యుడు హెచ్‌ఎస్-సీఆర్‌పీని కూడా దృష్టిలో పెట్టుకుని తర్వాతి మందు ఆలోచించడం సబబే. ఈ పరీక్షకు ప్రస్తుతం డిప్రెషన్ వైద్యంలో ఉన్న న్యాయమైన చోటు అదేననిపిస్తుంది.

సొంత వైద్యంలో జరిగే పొరపాట్లు

మన ప్రాంతంలో అన్నింటికంటే భయపడాల్సింది స్టెరాయిడ్లకు. చికున్‌గున్యా తర్వాత కీళ్లనొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకెళ్తే డెక్సామెథసోన్ సూదో, ప్రెడ్నిసొలోన్ మాత్రలో దొరుకుతాయి. నొప్పి మాయమవుతుంది, సీఆర్‌పీ కూడా దిగుతుంది. అదే స్టెరాయిడు నిద్ర చెడగొట్టి, కొందరిని అతి ఉత్సాహంలోకో, తీవ్రమైన కుంగుబాటులోకో నెడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. రక్తంలో అంకె తగ్గినంత మాత్రాన మనసు బాగుపడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నొప్పి మాత్రల సంగతి. ఎస్సిటాలోప్రామ్, సెర్‌ట్రాలిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్‌లను మెడికల్ షాపులో కొని కలిపి వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నల్లటి, తారు లాంటి విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పసుపు గురించి దుగ్గిరాల యార్డు ఉన్న జిల్లాలో తప్పక మాట్లాడాలి. అందులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉంది. డిప్రెషన్ మీద చేసిన చిన్న ప్రయోగాల్లో రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాముల కుర్కుమిన్ సారం ఇచ్చారు. మామూలు పసుపులో కుర్కుమిన్ మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. అర టీస్పూను, అంటే ఒకటిన్నర గ్రాముల పసుపు పాలలో వేసుకుంటే అందేది 45 మిల్లీగ్రాములు, అందులోనూ పేగులు పీల్చుకునేది కొద్దిగా. కాబట్టి పసుపు పాలు తాగొచ్చు, మందు మానేసి మాత్రం తాగకూడదు. మిరియాల సారం కలిపిన గాఢమైన కుర్కుమిన్ క్యాప్సూళ్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. సహజమైనదే కదా అని నెలల తరబడి మింగడం క్షేమం కాదు.

రిపోర్టు చేతికొచ్చాక

పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. జ్వరం, జలుబు, పంటి చికిత్స, టీకా, దెబ్బ తగలడం, అలవాటు లేని కఠిన వ్యాయామం, వీటి తర్వాత రెండు వారాలు ఆగి ఇవ్వాలి. రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి సగటు చూడాలి. గర్భం, గర్భనిరోధక మాత్రలు విలువను పెంచుతాయి, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు తగ్గిస్తాయి. ఈ సంగతులు డాక్టరుకు చెప్పకుండా కాగితం ఒక్కటే చూపిస్తే ఉపయోగం తక్కువ.

రెండుసార్లూ 3 దాటితే కారణం వెతకాలి. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా? షుగరు అదుపులో ఉందా? పొద్దున లేచాక అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుంటున్నాయా? సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, విడవని దగ్గు ఉన్నాయా? మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటిన నడుము చుట్టుకొలత కూడా కారణాల్లో ఒకటే. చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, కిలో బరువు తగ్గినకొద్దీ సీఆర్‌పీ సగటున 0.13 మిల్లీగ్రాములు దిగింది. చిన్న అంకెలా కనిపించినా, ఎనిమిది కిలోలు తగ్గిన మనిషికి అది ఒక మిల్లీగ్రాము.

దిగులు సంగతి దీంతో ముడిపెట్టి ఆపకూడదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులోనూ ఉంది. గడిచిన రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సీఆర్‌పీ ఎంతైనా సరే డాక్టరును కలవాలి. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ ముందుగా అడగవలసిన రక్తపరీక్షలు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బి12, షుగరు. డిప్రెషన్‌లా నటించే నీరసాన్ని ఇవే ఎక్కువగా బయటపెడతాయి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలు. డిప్రెషన్ మందు మొదలుపెడితే రెండు నుంచి నాలుగు వారాలకు మార్పు మొదలవుతుంది. బాగున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. నయమైందని మధ్యలో మానేస్తే తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుంది.

ఆ పట్టికలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా మరేది వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, ఆ రోజే మాట్లాడాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416, రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. మిర్చికీ పత్తికీ కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ సాయంత్రమే వాటిని వేరే ఇంటికి చేర్చి తాళం వేయించాలి, నిద్రమాత్రల అట్టలు కూడా మరొకరి చేతిలో ఉండాలి.